కలం పట్టిన చెయ్యి: షోయబుల్లా ఖాన్ జీవితం

మన కళాశాల విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరం సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని అడిగినప్పుడు నేను షోయబుల్లా ఖాన్ పేరు చెప్పినాను. రసాయనశాస్త్రం చదివేవానికి పత్రికల వాళ్లతో పనేమిటని హాస్టలు మిత్రులు నవ్వినారు. వారి నవ్వులో తప్పు లేదు. నేను కథలు, కవితలు రాసేవాణ్ని కాను. మా ఇంట్లో పుస్తకాల కన్నా టమాట నారు, బంతి తోట, బోరు మోటారు ముఖ్యం. అయినా ఈయన గురించి నేనే రాస్తానని పట్టుబట్టడానికి ఒక కారణమున్నది. అది నాకు కొంత సిగ్గుచేటు సంగతి. దాన్ని ముందే చెప్పేసి, తరువాత ఆయన జీవితంలోకి పోతాను.

మాది చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు దగ్గరగా ఉండే ఒక పల్లె. మా దిక్కు పడ్డ వాన వాగులంట పోయి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల్లో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద పట్నాన్ని ముంచిన తరువాత కట్టించిన చెరువులవి. ఉస్మాన్ సాగర్‌నే మేము గండిపేట చెరువు అంటాము. 2025 సెప్టెంబరు 26 నాడు వానలు దంచికొడితే రెండు చెరువుల గేట్లూ ఎత్తి నీళ్లు వదిలినారు. ఆ రాత్రి మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి కూడా నీళ్లొచ్చినాయి.

ఆ రాత్రి నేను ఊళ్లోనే ఉన్నాను. గండిపేట కట్ట తెగిందని నా ఫోనుకు ఒక కబురు వచ్చింది. రాసినదెవరో పేరు లేదు, చూసినదెవరో లేదు. కట్ట దిక్కు మాకు ఎరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్క ఫోను చేసి అడిగితే నిజం తెలిసేది. నేను అడగలేదు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున కిరాయి ఇంట్లో ఉండే మా మేనమామకు ఆ కబురును ఉన్నదున్నట్టు పంపినాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మామ వాళ్లు కరెంటు లేని చీకట్లో పిల్లలను చంకనెత్తుకొని మెట్లు దిగి ఉరికినారు. ఆ మెట్ల మీదనే అత్తమ్మ జారిపడి కాలు విరిగింది. తెల్లారి చూస్తే కట్ట తెగలేదు. మామ వాళ్లుండేది రెండో అంతస్తు. కదలకుండా ఉన్నచోటనే ఉంటే నీళ్లు వాళ్లను తాకేవి కూడా కావు.

అత్తమ్మను చూడబోయిన నాడు మామ నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఆ కబురు నీకెవరు చెప్పినారు అల్లుడా అని మాత్రం అడిగినాడు. చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు. తల వంచుకొని బయటికొచ్చి, ఏమీ తోచక కాచిగూడ దిక్కు నడిచినాను. ఆ వీధుల్లోనే ఒకప్పుడు ఒక పత్రికా సంపాదకుణ్ణి, రాసినందుకు చెయ్యి నరికి చంపినారని చరిత్ర చెప్పే లెక్చరరు గారు క్లాసులో ఒకసారి చెప్పివున్నారు. పేరు లేని మాట పంపి నేను ఇంటికి క్షేమంగా వచ్చినాను. మాట కింద పేరు పెట్టిన మనిషి మాత్రం ఇంటికి చేరలేదు. అప్పటినుంచి ఆ మనిషి సంగతి తెలుసుకోవాలనే పట్టుదల నాలో కలిగింది.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలో పుట్టినారు. గండిపేట కట్ట పని పూర్తయిన సంవత్సరం కూడా అదే. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో ఉద్యోగి. తల్లి లాయఖున్నీసా బేగం. పిల్లవాని పోలికలు గాంధీజీకి దగ్గరగా ఉన్నాయని తండ్రి ముద్దుగా షోయబ్ గాంధీ అని పిలుచుకొనేవారట. ముద్దుకు పెట్టిన ఆ పేరే తరువాతి కాలంలో శత్రువుల నోట నిందగా మారింది.

చదువు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాగింది. 1918లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లో సైన్సు, గణితంతో సహా అన్నీ ఉర్దూలోనే బోధించేవారు. ఆయన అక్కడ పట్టభద్రుడైనారు. అప్పటి హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ బాగా వచ్చిన ముస్లిం పట్టభద్రునికి, అందులోనూ తండ్రి పోలీసు శాఖలో ఉన్నవానికి, సర్కారు కొలువు దొరకడం కష్టమేమీ కాదు. నెలనెలా జీతం, గౌరవం, ముసలితనానికి పింఛను. మన ఇళ్లల్లో అమ్మానాన్నలు నేటికీ కోరుకొనేది అదే కదా! ఆయన మాత్రం తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరినారు. ప్రజల పక్షాన రాసే పత్రిక గనుక జీతం తక్కువ, దినదినగండం ఎక్కువ. కొంతకాలానికే ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

తరువాత ఆయన మందుముల నరసింగరావు గారు నడిపే రయ్యత్ పత్రికలో చేరినారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ అని రెండర్థాలూ వస్తాయి. ఉర్దూ పత్రికను ఒక తెలుగువాడు నడపడం, దానికి ఆ పేరు పెట్టడం, అందులో ఒక ముస్లిం యువకుడు జాగీర్దార్ల దౌర్జన్యాలపైన, అధికారుల లంచాలపైన రాయడం, ఇవన్నీ తలచుకొంటే నాకు ఆశ్చర్యమూ సంతోషమూ కలుగుతాయి. ఉర్దూ అంటే పాలకుల భాష, తెలుగు అంటే పాలితుల భాష అని మనం తేలికగా గీత గీసుకుంటాము. ఆ గీతను చెరిపిన పత్రిక రయ్యత్. దాన్నీ ప్రభుత్వం మూయించింది.

రెండు పత్రికలు చేతిలోనే మూతపడిన తరువాత మరొకడైతే కొలువు వెతుక్కొనేవాడు. ఆయన సొంత పత్రిక పెట్టాలని తలచినారు. బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దలు అండగా నిలిచినారు. ఇంటి ఆడవాళ్ల నగలు కూడా ఆ పెట్టుబడిలో కలిసినాయి. పంట పెట్టుబడికి మా అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టిన సంవత్సరం నాకు గుర్తున్నది గనుక ఆ నగల విలువ నాకు తెలుసు. పంట అయితే చేతికొస్తుందనే ఆశ ఉంటుంది. ఆ పత్రిక నుంచి లాభం వస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకొని ఉండరు. అట్లా 1947 నవంబరు 15న ఇమ్రోజ్ దినపత్రిక మొదటి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం. కార్యాలయం కాచిగూడలో ఉండేది.

ఆ రోజులు ఎటువంటివో కొంచెం చెప్పాలి. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రాజ్యాన్ని భారతదేశంలో కలపలేదు. నవంబరు 29న యథాతథ ఒప్పందం జరిగింది. ఒప్పందం కాగితం మీద ఉండగా రాజ్యంలో రజాకార్ల బలం పెరిగింది. వారి నాయకుడు కాసిం రజ్వీ, లాతూరుకు చెందిన వకీలు. రజాకార్లు పల్లెల మీద పడి దోచుకోవడం, ఇళ్లు తగలబెట్టడం, మనుషులను చంపడం సాగింది. మరొక దిక్కు తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగ సాయుధ పోరాటం నడుస్తున్నది. ఎవరు ఎవరిని చంపినారో, ఏ ఊరు కాలిపోయిందో పట్నంలో ఉన్నవారికి సరిగా తెలిసే మార్గం లేదు.

మా దిక్కు పరిస్థితి మా తాత చెప్పేవాడు. అప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లు. పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత రాబడి కింద ఉండేది. ఊళ్లో ఉర్దూ చదవగలిగినవారు ఇద్దరో ముగ్గురో. పట్నం పోయిన ఎడ్లబండి తిరిగొచ్చేదాకా వార్త లేదు. వచ్చినా అది ఏ నోటినుంచి పుట్టిన మాటో తెలియదు. రజాకార్లు వస్తున్నారని ఎవరో అంటే చాలు, జొన్నలు పాతరలో దాచి, పిల్లల నోళ్లు మూసి, చేన్లల్లో పండుకొనేవారట. పది రాత్రులు ఉరికితే తొమ్మిది రాత్రులు ఎవరూ రాలేదని చెప్పేవాడు. పదో రాత్రి నిజంగా వస్తే కదలలేనంత అలసిపోయి ఉండేవారట. వార్త లేని చోట భయమే వార్త అవుతుందని తాత బతుకు చెప్పిన పాఠం. ఎన్నోసార్లు విన్న ఆ పాఠం సెప్టెంబరు వరద రాత్రి నాకు గుర్తు రాలేదు.

అటువంటి కాలంలో ఇమ్రోజ్ చేసిన పని ఏమిటంటే, జరిగినది జరిగినట్టు రాయడం. పల్లెల మీద దాడులు జరుగుతున్నాయని రాసింది. రజాకార్లను ప్రభుత్వం అదుపు చేయడం లేదని రాసింది. హైదరాబాదు భారతదేశంలో చేరడమే ప్రజలకు క్షేమమని, హిందువులూ ముస్లింలూ కలిసి బతకక తప్పదని రాసింది. ఇవన్నీ ఉర్దూలో రాసింది. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. తెలుగులో రాస్తే ఎవరో గిట్టనివారు రాసినారని కొట్టిపారేయవచ్చు. రజాకార్లు ఏ భాషలో ఉపన్యాసాలిచ్చేవారో ఆ భాషలోనే, వారు ఎవరి పేరు చెప్పుకొని కత్తి పట్టినారో ఆ సమాజంలో పుట్టినవాడే, ఇది మన మతం పేరు మీద జరుగుతున్న అన్యాయమని రాసినాడు. పరాయివాని తప్పు రాయడం సులభం. మనవాని తప్పు రాయాలంటే చాలా గుండె కావాలి.

ఆ రోజుల్లో ఉర్దూ పత్రికలను ఎక్కువగా కాతిబులు చేతితో రాసేవారు. వారు రాసిన పత్రాన్ని లితో రాయి మీదికి దించి అచ్చు వేసేవారు. అంటే సంపాదకుని రాత, కాతిబు రాత, రెండూ చేతి పనులే. చేతికీ పత్రికకూ ఉన్న ఆ సంబంధం శత్రువులకు కూడా బాగా తెలుసు.

బెదిరింపు ఉత్తరాలు వచ్చినాయి. ఆయన లెక్కచేయలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన చేసినారు. వారిలో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా వంటివారు ఉన్నారు. ఫరీద్ మీర్జా రజాకార్ల ఆగడాలు చూడలేక ప్రభుత్వోద్యోగం వదులుకున్నవారు. రజాకార్లను రద్దు చేయాలని, రాజ్యం భారతదేశంలో చేరాలని ఆ ప్రకటన సారాంశం. దాన్ని ఇమ్రోజ్ అచ్చు వేసింది. ముస్లింలందరూ తన వెంటే ఉన్నారని చెప్పుకొనే రజ్వీకి ఇది పెద్ద దెబ్బ. ఆగస్టు 19న జమ్రుద్ మహల్‌లో జరిగిన సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపోతాయనే అర్థం వచ్చేటట్లు రజ్వీ హెచ్చరించినాడు.

తరువాత రెండు రోజులకే, ఆగస్టు 21 రాత్రి, షోయబుల్లా ఖాన్ మరునాటి పత్రిక పని ముగించుకొని కాచిగూడ కార్యాలయం నుంచి ఇంటికి బయలుదేరినారు. అర్ధరాత్రి దాటింది. వెంట బావమరిది ఇస్మాయిల్ ఖాన్ ఉన్నారు. ఇల్లు ఎంతో దూరం లేదు. లింగంపల్లి చౌరస్తా, చప్పల్ బజార్ ప్రాంతంలో కాపు వేసిన దుండగులు ఆయనపై తుపాకి కాల్చినారు. కింద పడినవాని కలం పట్టిన చేతిని కత్తితో నరికినారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా తెగింది. తెల్లవారకముందే, ఆగస్టు 22 నాడు, షోయబుల్లా ఖాన్ ప్రాణం విడిచినారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలు తక్కువ. గోషామహల్ మాలకుంటలోని శ్మశానంలో ఆయనను ఖననం చేసినారు. తల్లిదండ్రులకు ఎదిగిన కొడుకు లేకుండా పోయినాడు. నగలు ఇచ్చిన ఇల్లాలు చిన్న వయసులోనే భర్తను కూడా ఇచ్చుకున్నది.

తుపాకి గుండు చాలదా, చెయ్యి నరకడం ఎందుకని నేను చాలాసార్లు ఆలోచించినాను. చనిపోతున్న మనిషి ఆ చేతితో మళ్లీ రాయలేడని వాళ్లకు తెలుసు. అది ఆయన కోసం చేసిన పని కాదు. మిగిలిన రాసే చేతులన్నీ చూసి వణకాలని చేసిన పని. పత్రికల వాళ్ల మీద జరిగే ప్రతి దాడిలోనూ ఈ లెక్కే ఉంటుంది. 1857 తిరుగుబాటు కాలంలో ఢిల్లీ ఉర్దూ అఖ్బార్ నడిపిన మౌల్వీ మహమ్మద్ బాకర్‌ను ఆంగ్లేయులు చంపించినప్పుడు కూడా ఇదే లెక్క. 1931 మార్చిలో కాన్పూరు మతకల్లోలంలో జనాన్ని కాపాడబోయి ప్రతాప్ పత్రిక సంపాదకుడు గణేశ్ శంకర్ విద్యార్థి ప్రాణం కోల్పోయినారు. వీరు ముగ్గురూ వేరు వేరు కాలాలవారు, వేరు వేరు ఊళ్లవారు. ప్రమాదం ఎదుట ఉన్నదని ముగ్గురికీ తెలుసు. ఎవరూ పేరు దాచుకోలేదు.

ఆయన పోయిన నాలుగు వారాల లోపలే రోజులు మారినాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించినాడు. రజాకార్ల కథ ముగిసింది. రజ్వీ అరెస్టయి, బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయినాడు. ఇమ్రోజ్ సంపాదకుడు కోరిన విలీనం జరిగింది. చూడడానికి ఆయన లేడు.

మన వ్యాసాలు సాధారణంగా ఇక్కడితో ఆగి, జోహార్లు చెప్పి ముగుస్తాయి. నాకు ఆగబుద్ధి కావడం లేదు. పోలీసు చర్య తరువాత మరఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల్లోనూ, కొంత తెలంగాణలోనూ ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాల మీద ప్రతీకార దాడులు జరిగినాయి. పండిత సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందం ఆ ఊళ్లు తిరిగి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంట పడలేదు. షోయబుల్లా ఖాన్ బతికి ఉంటే ఆ వార్తలు కూడా ఇమ్రోజ్‌లో వచ్చి ఉండేవని నా నమ్మకం. ఆయన ముస్లిం గనుక అట్లా అనడం లేదు. బలవంతుని పక్షాన కాక దెబ్బ తిన్నవాని పక్షాన రాయడమే ఆయన అలవాటు గనుక అంటున్నాను. రజాకార్లు ఆ రాత్రి ఒక మనిషి చేతిని మాత్రమే నరకలేదు. రేపు తమవారి మీదనే దెబ్బ పడినప్పుడు వారి కోసం రాయగలిగిన చేతిని కూడా తామే నరుక్కున్నారు. ఈ మాట ఏ పార్టీ వారికైనా, ఏ మతం వారికైనా గుర్తుండదగినది.

మా మొయినాబాదు పక్కన పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు 1978లో మా జిల్లాకు పెట్టినారు. ఆ పేరు రోజూ బస్సు బోర్డుల మీద, సర్టిఫికెట్ల మీద చూస్తాము. షోయబుల్లా ఖాన్ పేరు మా హాస్టల్లో నేను అడిగిన పదిమందిలో ఇద్దరికే తెలిసింది. ఎనిమిదిమందిని తప్పుపట్టను. వరద రాకపోతే ఆ ఎనిమిదిమందితో నేనూ తొమ్మిదోవాణ్ని.

మేము ప్రయోగశాలలో టైట్రేషన్ చేసేటప్పుడు, రావలసిన విలువ ముందే తెలిసి, బ్యూరెట్టులో కనబడినది వదిలి పుస్తకంలో ఉన్నది రికార్డులో రాసే అలవాటు కొందరికి ఉన్నది. ఒకప్పుడు నాకూ ఉండేది. మార్కులు పోవు, ఎవరికీ నష్టం లేదనుకొనేవాణ్ని. ఇప్పుడు మాత్రం తప్పు వచ్చినా వచ్చినదే రాసి, కింద నా పేరు పెడుతున్నాను. ఇది చాలా చిన్న సంగతి. ప్రాణాలకు తెగించి రాసిన మనిషి పక్కన చెప్పడానికి కూడా తగనిది. అయినా రైతు ఎకరం పొలాన్ని కూడా ఒక చాలుతోనే మొదలుపెడతాడు.

మొన్న సంక్రాంతికి ముందు నాన్న వెంట గుడిమల్కాపూర్ మార్కెటుకు బంతిపూలు వేసుకొని పోయి, అటునుంచి మళ్లీ చాదర్‌ఘాట్ పోయినాను. అత్తమ్మ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నది. మామ ఫోనులో ఏదో కొత్త కబురు చూపించి ఇది నిజమేనా అల్లుడా అని నన్నే అడిగినాడు. తెలియదు మామా, తెలుసుకొని చెప్తానన్నాను. వారం రోజులకు తెలుసుకొని, ఎవరిని అడిగినానో ఆ పేరుతో సహా చెప్పినాను. ఆ కబురు అబద్ధమే. మామ ఇంకెవరికీ పంపలేదు.